నూట పన్నెండో పేజీ

అట్ట లేదు.
పదమూడో పేజీలో, ఒక వాక్యం మధ్యలో మొదలవుతుంది:
"...ఆ తర్వాత నేనెప్పుడూ గొడుగు మర్చిపోలేదు."
దేని తర్వాతో తెలియదు.

రాజలింగు ఫైనల్ ఎగ్జిట్ మీద పోతూ
మంచం కింద వదిలేసిన వాటిలో దొరికింది.
ఒక రైస్ కుక్కర్, సగం బామ్ సీసా, ఈ పుస్తకం.
రాసినామె పేరు అట్టతోనే పోయింది.
లెక్కలు చెప్పి రిటైరైందని ముప్ఫయ్యో పేజీలో తెలిసింది.
డెబ్బై నాలుగేళ్ళట.
నేను పంతులమ్మా అని పిలుచుకుంటున్నాను.

ముహర్రఖ్‌లో మా సెలూన్
ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూత.
షట్టర్ సగం దించి, గిరాకీల కుర్చీ వెనక్కి వాల్చి
పదకొండు మధ్యాహ్నాలు చదివాను.

పంతులమ్మా, మీరన్నారు కదా,
పడుకునే ముందు మనం నొప్పించిన ముగ్గురిని తలుచుకుంటే
నిద్ర బాగా పడుతుందని.
చేసి చూశాను.
ముగ్గురి దగ్గర ఆగలేదు.
తొమ్మిదో మనిషి మా బావమరిది. అక్కడ లేచి కూచున్నాను.
కింది మంచం మీది మెట్‌పల్లి పిల్లాడు ఇమ్రాన్
"ఏమైంది కాకా" అన్నాడు.
లెక్క కుదర్లేదురా, పడుకో.

డెబ్బై ఏడో పేజీ.
అరవై దాటాక జుట్టుకు రంగు మానేశారట,
విడుదలలా ఉందట.
ఆ మాట కింద రాజలింగు ఎర్రపెన్నుతో
కాగితం చిరిగేలా గీత గీశాడు.
ఎందుకో నాకు తెలుసు.
మెడికల్‌కు ముందు రాత్రి
బాత్రూంల బయట బకెట్టు బోర్లేసి కూచోబెట్టి
అతని తలకు రంగేసింది నేనే.
ఆ రాత్రి మొత్తం ఏడుగురు.
పాత బనియన్లు భుజాల మీద కప్పుకుని వరసలో నిలబడ్డారు.
కొమురయ్య కనుబొమలకూ వెయ్యమన్నాడు.
డాక్టరు చూసేది రక్తమని మాకు తెలుసు.
ఫోర్‌మన్ చూసేది తల.
నల్లజుట్టంటే ఇక్కడ రెండేళ్ళ వీసా, పంతులమ్మా.
మీ విడుదల మాకు
విమానం టికెట్‌తో కలిపి ఇస్తారు.

కోపంతో అనడం లేదు.
మోకాలి నొప్పి చుట్టంలాంటిది,
మర్యాద చేస్తే తొందరగా పోతుందన్నారే,
గట్టిగా నవ్వాను.
నిలబడి చేసే పని నాది.
ఆ చుట్టం మా ఇంట్లోనే కాపురం పెట్టింది.

ఒక్కచోట మాత్రం తప్పు రాశారు.
నూట పన్నెండు.
మనిషికి మొదట ముసలివయ్యేవి చేతులు, అని.
సుద్దముక్క పట్టిన మనిషి, మీ కళ్ళెదుట ఉండేది అదే కదా.
ముప్ఫై ఒక్కేళ్ళుగా నేను చూస్తున్నది చెప్తాను.
మొదట ముసలిదయ్యేది మెడ.
ముందు కాదు, వెనక.
జుట్టు ఆగిపోయి కాలరు ఇంకా మొదలుకాని
ఆ రెండు వేళ్ళ జాగా.
మొఖం నలభైలోనే ఉంటుంది,
అక్కడ అప్పటికే అడ్డగీతలు.
తాతలు ముత్యాలకు మునిగేవారని చెప్పే అబూ జాసింకైనా,
సిమెంటు మోసే కొమురయ్యకైనా.
వెనకద్దం పట్టి చూపిస్తాం గానీ
వాళ్ళు చూసుకునేది కటింగే.
కత్తి ఆనించేటప్పుడు నేను మాత్రం
కొంచెం నెమ్మదిస్తాను.

నాది ఎట్లుందోనని
ఇమ్రాన్‌తో ఫోన్లో ఫోటో తీయించాను.
చూస్తే, నాది కాదు.
మా నాయినది.
కోరుట్ల రోడ్డు, సైకిలు, హ్యాండిల్‌కు పొది,
వెనక క్యారియర్ మీద నేను, ఆరేళ్ళవాణ్ణి.
లోకమంతా నాకు ఆ మెడే.
చెమటచుక్క ఒకటి అడ్డగీతలో ఆగి,
నిండి, చొక్కాలోకి జారేది.
చెయ్యి చాపితే అందేది. ఎప్పుడూ తుడవలేదు.
ఆయనకప్పుడు ముప్ఫై నాలుగు ఉంటాయేమో.

ఫోటో తీసెయ్యమన్నాను.
తీసినట్టు లేడు.

పుస్తకం చివర రెండు ఖాళీ పేజీలున్నాయి.
అక్కడ రాద్దామని పెన్ను తెచ్చుకుని
మళ్ళీ నూట పన్నెండుకే పోయి
అంచులో సన్నగా రాశాను:
"మెడ వెనక. ఎవరినైనా అడిగి చూడండి."

నాలుగైంది. షట్టర్ ఎత్తితే
ఎండతోపాటు అబూ జాసిం.
తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని,
కుర్చీలో కూచుని,
తల వంచాడు.